పాత చర్చి హాలును వలస కుటుంబాల చిన్న నాటకశాలగా నడపగలమా?

మీ ప్రశ్న సారాంశం ఇది. ఇంగ్లండులోని ఒక మధ్యతరహా పట్టణంలో కొన్ని తెలుగు కుటుంబాలు కలిసి, ఏటా సంక్రాంతికీ ఉగాదికీ బడి హాలు అద్దెకు తీసుకుని నాటికలు వేస్తున్నారు. ఇప్పుడు వాడకంలో లేని ఒక చర్చి హాలు లీజుకు దొరికేలా ఉంది. దాన్ని ఎనభై కుర్చీల నాటకశాలగా, మిగతా రోజుల్లో నలుగురూ వచ్చి కూర్చునే సాంస్కృతిక కేంద్రంగా నడపగలమా, నడిపితే అది నిలబడుతుందా, మొదటి ఏడాది ఏం ఆడాలి, మన తెలుగువాళ్ళ కోసమే నడపాలా, అందరి కోసమా అని అడిగారు.

నడపగలరు. హాలు దొరికింది కాబట్టి నాటకశాల పెడదామనుకుంటే మాత్రం నిలబడదు. వారం వారం కలిసి రిహార్సలు చేసే బృందం ముందు ఉండాలి, హాలు తర్వాత రావాలి. నాటకం లేని రోజున కూడా తలుపు తెరిచే ఉండాలి. అలాగని తలుపు తెరిచి ఉంచడమే పనిగా మారి నాటకం వెనక్కి పోతే, రెండు మూడేళ్ళలో అది పుట్టినరోజులకూ ఓణీల వేడుకలకూ అద్దెకిచ్చే ఫంక్షన్ హాలుగా మిగులుతుంది. ఈ రెండింటినీ కలిపి నిలబెట్టడంలోనే అసలు కష్టమంతా ఉంది. అందరి కోసమా అన్న చివరి ప్రశ్నకు నా జవాబు, అందరి కోసమే. కారణాలు కింద రాస్తాను.

తూర్పు లండన్‌లో వేర్వేరు దేశాల నుంచి వచ్చిన కుటుంబాలు కలిసి నడిపే ఒక చిన్న నాటకశాలలో నేను చాలాకాలం హౌస్ మేనేజరుగా, అంటే ప్రదర్శన వేళ ప్రేక్షకులనూ హాలునూ చూసుకునే మనిషిగా, ఆ తర్వాత ట్రస్టీగా పనిచేశాను. చట్టాల గురించి నేను చెప్పేది ఇంగ్లండుకు వర్తిస్తుంది. స్కాట్లండులో చాలా విషయాలు వేరుగా ఉంటాయి.

బృందం ముందు ఉండాలని ఎందుకంటున్నానో చెప్పడానికి లండన్‌లోని దక్షిణాసియా నాటక బృందం తారా ఆర్ట్స్ చరిత్ర చాలు. 1976 జూన్‌లో పశ్చిమ లండన్‌లోని సౌతాల్‌లో గుర్దీప్ సింగ్ చగ్గర్ అనే 18 ఏళ్ళ యువకుడు జాత్యహంకార దాడిలో హత్యకు గురయ్యాడు. ఆ సంఘటన కదిలించిన కొందరు దక్షిణాసియా యువకులు జతిందర్ వర్మతో కలిసి 1977లో ఆ బృందాన్ని పెట్టారు. మొదటి ప్రదర్శన రవీంద్రనాథ్ టాగూర్ నాటకం, వేసింది బాటర్సీ ఆర్ట్స్ సెంటరులో, అంటే పరాయి వేదిక మీద. ఎర్ల్స్‌ఫీల్డ్‌లో రైలు కట్టను ఆనుకుని ఉన్న సొంత చోటికి వాళ్ళు చేరింది 1980లలో. ఆ భవనాన్ని పూర్తిగా పునర్నిర్మించి వంద సీట్ల నాటకశాలగా తెరిచింది 2016లో. బృందం పుట్టిన దాదాపు నలభై ఏళ్ళకు వాళ్ళు కోరుకున్న రూపంలో ఇల్లు అమరింది. చెప్పవలసిన మాట ఒకటి వాళ్ళకు మొదటి రోజు నుంచీ ఉంది. అది ఉండబట్టే గోడలు లేని రోజుల్లో కూడా తారా తారాగానే ఉంది.

దీనికి ఎదురు ఉదాహరణగా ఆర్కోలా థియేటరును చూపించేవాళ్ళున్నారు. టర్కీ నుంచి వచ్చిన మెహ్మెత్ ఎర్గెన్, లేలా నాజ్లీ కలిసి 2000లో లండన్ డాల్స్టన్‌లోని ఒక పాత బట్టల కర్మాగారాన్ని నాటకశాలగా మార్చారు. అక్కడ భవనమే ముందు వచ్చింది కదా అంటారు. నిజమే, కానీ ఎర్గెన్ అప్పటికే సదక్ ప్లేహౌస్ స్థాపకుల్లో ఒకరు, లండన్ చిన్న నాటకశాలల లోతుపాతులు తెలిసిన దర్శకుడు. చుట్టూ ఉన్న టర్కిష్, కుర్దిష్ కుటుంబాలు ఆ తలుపు తమదే అనుకున్నాయి. స్థానికంగా ఇతరులూ అనుకున్నారు. భవనం ఆ నమ్మకానికి ఆధారమైందే గాని, నమ్మకాన్ని పుట్టించింది మనుషులు.

ఇక లీజు. ఆర్కోలా పేరు ఆర్కోలా వీధి నుంచి వచ్చింది. 2011లో ఆ భవనం వదిలి ఆష్విన్ వీధిలోని పాత రంగుల కర్మాగారంలోకి మారవలసి వచ్చింది. ఆ నాటకశాలకు అప్పటికే పేరు స్థిరపడింది కాబట్టి ప్రేక్షకులు వెంట నడిచారు. మీలాంటి కొత్త సంస్థకు నాలుగో ఏట ఖాళీ చేయవలసి వస్తే తేరుకోవడం చాలా కష్టం. అందుకని సంతకానికి ముందు సొలిసిటరు చేత కొన్ని విషయాలు తప్పక చూపించండి. 1954 నాటి లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం వ్యాపార, సంస్థాగత అద్దెదారులకు గడువు తీరాక లీజు పునరుద్ధరణ కోరే హక్కు ఇస్తుంది. చాలా లీజుల్లో ఆ హక్కును ముందే వదులుకుంటున్నట్టు రాయించుకుంటారు. యజమాని మధ్యలో లీజు రద్దు చేసుకునే నిబంధన ఎన్నో ఏట నుంచి అమల్లోకి వస్తుందో చూడండి. అన్నిటికన్నా ముఖ్యం మరమ్మతులు. పాత చర్చి హాళ్ళకు పలకల పైకప్పులుంటాయి. మరమ్మతుల భారమంతా అద్దెదారుదే అని రాసి ఉంటే, మీరు అడుగుపెట్టకముందు నుంచీ కారుతున్న కప్పు కూడా మీ ఖర్చే అవుతుంది. ఇప్పటి స్థితిని ఫొటోలతో సహా నమోదు చేసిన పత్రాన్ని లీజుకు జతచేయమని అడగండి. దాని ప్రకారం, తీసుకున్న స్థితికంటే మెరుగ్గా తిరిగి ఇవ్వవలసిన పని ఉండదు.

ప్లానింగ్ అనుమతి సంగతి కూడా ఇక్కడే చూడాలి. ఇక్కడి ప్లానింగ్ నిబంధనలు భవనాలను వాడకాన్ని బట్టి తరగతులుగా విడదీస్తాయి. స్థానిక ప్రజల హాలు ఒక తరగతి కిందికి వస్తుంది, నాటకశాల ఏ తరగతికీ చెందని ప్రత్యేక వినియోగం కిందికి వస్తుంది. సామాజిక హాలులో అప్పుడప్పుడు నాటకం వేయడం వేరు, నాటకశాల అని బోర్డు పెట్టడం వేరు. కౌన్సిల్ ప్లానింగ్ విభాగానికి రాసి, జవాబు రాతలో తెచ్చుకోండి.

భద్రత విషయంలో ఖర్చు తగ్గించుకునే ఆలోచన అసలు పెట్టుకోవద్దు. వలస వచ్చినవాళ్ళు నడుపుకున్న చిన్న నాటకశాలలకు తూర్పు లండన్‌లో పాత చరిత్ర ఉంది. 1886లో స్పిటల్‌ఫీల్డ్స్‌లో, ఇప్పటి ప్రిన్స్‌లెట్ వీధిలో, ఒక మాంసం వ్యాపారి, తూర్పు యూరపు యూదుల భాష అయిన యిద్దిష్‌లో నటించే జేకబ్ ఆడ్లర్ బృందం కోసం ఒక హాలు కట్టించాడు. తూర్పు యూరపు నుంచి వచ్చిన యూదు కుటుంబాలు పగలంతా కుట్టుపని చేసి రాత్రి అక్కడికి వచ్చేవి. 1887 జనవరి 18న ప్రదర్శన జరుగుతుండగా ఎవరో మంటలని అరిచారు. మంటలు లేవు. కానీ తలుపుల వైపు జరిగిన తొక్కిసలాటలో 17 మంది చనిపోయారు. ఆ తర్వాత హాలు తేరుకోలేదు, ఆడ్లర్ అమెరికాకు వెళ్ళిపోయాడు. హాలులోకి వచ్చే మన ప్రేక్షకుల్లో తాతలు, అమ్మమ్మలు, చంటిపిల్లల తల్లులు ఉంటారు. తోపుడు బండ్లు నడవలో నిలబెడతారు, ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం అదనపు కుర్చీలు తెచ్చి బయటికి పోయే దారిలో వేస్తారు. ఆ కుర్చీ ఎవరిదైనా సరే, ట్రస్టు అధ్యక్షుడి అత్తగారిదైనా సరే, తీయించగల అధికారం హౌస్ మేనేజరుకు ఉండాలి. 2006 నుంచి అమల్లో ఉన్న అగ్నిభద్రత నిబంధనల ప్రకారం హాలుకు బాధ్యులైనవాళ్ళు ప్రమాద అంచనా రాతపూర్వకంగా చేసి ఉంచాలి. నల్ల తెరలు కొనేటప్పుడు నిప్పు అంటుకోని బట్ట అన్న ధ్రువపత్రంతో కొనండి. పెళ్ళిమంటపాలకు వాడే మెరుపు గుడ్డలు వేదిక మీదికి రానివ్వకండి.

లైసెన్సుల గురించి చాలామంది ఎక్కువ భయపడతారు, నిజానికి అది తేలిక. ఉదయం 8 నుంచి రాత్రి 11 లోపు, 500 మందికి మించని ప్రేక్షకుల ముందు వేసే నాటకానికి 2013 నుంచి ఇక్కడ ప్రత్యేక లైసెన్సు అక్కర్లేదు. మద్యం అమ్మాలంటే మాత్రం కావాలి. అప్పుడప్పుడైతే టెంపరరీ ఈవెంట్ నోటీసు, అంటే ఆ ఒక్క కార్యక్రమానికి సంబంధించిన నోటీసు, కౌన్సిల్‌కు ఇస్తే సరిపోతుంది. రుసుము 21 పౌండ్లు, కనీసం 10 పనిదినాల ముందు ఇవ్వాలి. సినిమా ప్రదర్శనకు నిబంధనలు వేరు. పిల్లలు నటిస్తుంటే కౌన్సిల్ అనుమతి అవసరమేమో ముందే కనుక్కోండి. వచ్చినవాళ్ళకు దెబ్బ తగిలితే పరిహారం భరించే పబ్లిక్ లయబిలిటీ బీమా లేకుండా ఒక్క ప్రదర్శన కూడా వేయకండి.

వీసాల గురించి మీరు అడగలేదు గాని, మన బృందాల్లో తరచుగా వచ్చే సమస్య కాబట్టి రాస్తున్నాను. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు వారానికి ఇన్ని గంటలని పనిచేయవచ్చు, కానీ వృత్తి కళాకారులుగా డబ్బు తీసుకుని ప్రదర్శన ఇవ్వడానికి వీల్లేదు. మీ బృందంలో బాగా నటించే ఎమ్మెస్సీ కుర్రాడికి పారితోషికం ఇస్తే మీరు అతనికి మేలు చేసినట్టు కాదు, అతని వీసాను ప్రమాదంలో పెట్టినట్టు. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులు రిజిస్టరైన చారిటీలో మొత్తం 30 రోజుల వరకు స్వచ్ఛందంగా పనిచేయవచ్చు, జీతం కూడదు.

ఆ తల్లిదండ్రుల గురించి ఇంకొంచెం చెప్పాలి. నా దృష్టిలో ఇలాంటి కేంద్రం అవసరం అందరికంటే వాళ్ళకే ఎక్కువ. ఆరు నెలలకని వస్తారు. కొడుకూ కోడలూ పనికి, మనవలు బడికి వెళ్ళిపోయాక ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకు ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటారు. బుధవారం మధ్యాహ్నాల్లో మా దగ్గర హాలు తెరిచి ఉంచేవాళ్ళం. కార్యక్రమమేమీ లేదు. టీ ఉండేది, పాత కుర్చీలు ఉండేవి, ఒక హార్మోనియం ఉండేది. మొదట్లో బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన కుట్టుమిషన్ తెచ్చి ఒక మూల పెట్టుకుని, నాటకానికి కావలసిన దుస్తులు సరిచేసేవాడు. తర్వాత గుంటూరు ప్రాంతం నుంచి వచ్చిన రిటైర్డు తెలుగు మాస్టారు ఒకరు చేరారు. రెండో వారానికి ఆయన హార్మోనియం ముందు కూర్చుని రాయబారం పద్యాలు ఎత్తుకున్నారు. కుట్టుమిషన్ ఆగింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, రాగం దీర్ఘంగా సాగుతున్నంతసేపూ ఆ దర్జీ సూది చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత ఇద్దరూ ఒకరికొకరు వచ్చీరాని హిందీలో ఏవో చెప్పుకున్నారు. ఆ ఏడాది మేము వేసిన నాటకంలో సూత్రధారి పాత్రకు పద్యాలు ఆ మాస్టారే నేర్పారు, సూత్రధారి అంగరఖా ఆ దర్జీయే కుట్టాడు. గ్రాంటు దరఖాస్తులో సామాజిక ప్రయోజనం అనే గడిలో ఏం రాయాలని నన్ను అడిగేవాళ్ళకు, ముందు అలాంటి మధ్యాహ్నాలు జరగనివ్వండి, రాయడం దానంతటదే వస్తుంది అని చెబుతాను.

డబ్బు విషయానికి వద్దాం. ఎనభై కుర్చీల హాలు నిండినా, టికెట్టు 10 పౌండ్లయితే రాత్రికి వచ్చేది 800 పౌండ్లు. నెలకు రెండు మూడు ప్రదర్శనలతో అద్దె, వేడి, విద్యుత్తు, బీమా గట్టెక్కవు. కాబట్టి టికెట్లతో నాటకానికయ్యే ఖర్చు రాబట్టుకోవాలి, భవనాన్ని ఇంకో మార్గంలో పోషించుకోవాలి. ఛారిటబుల్ ఇన్‌కార్పొరేటెడ్ ఆర్గనైజేషన్‌గా, అంటే సొంత చట్టబద్ధ ఉనికి ఉన్న చారిటీగా, రిజిస్టరు చేసుకుంటే బిజినెస్ రేట్లలో, అంటే ఇళ్ళు కాని భవనాల మీద వేసే పన్నులో, 80 శాతం రాయితీ చట్టప్రకారం వస్తుంది. ఇక్కడ పన్ను కట్టేవాళ్ళు ఇచ్చే ప్రతి పౌండు విరాళం మీద గిఫ్ట్ ఎయిడ్ కింద ప్రభుత్వం నుంచి 25 పెన్నీలు అదనంగా రాబట్టుకోవచ్చు. టికెట్టు డబ్బు విరాళం కిందికి రాదు, ఆ రెండు ఖాతాలూ కలపకండి. ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ ప్రాజెక్టు గ్రాంట్లు 1,000 నుంచి 1,00,000 పౌండ్ల వరకు ఉంటాయి, ఖర్చులో కనీసం 10 శాతం మీరు వేరేచోటు నుంచి చూపాలి. కానీ అవి ప్రాజెక్టుకే, ఏటేటా అద్దె కట్టుకోవడానికి కావు. అద్దెకు ఆధారం వారమంతా హాలును వాడుకునే ఇతర బృందాలే. పోలిష్ పిల్లల శనివారం బడి, సోమాలీ మహిళల వ్యాయామ తరగతి, స్థానిక ఆంగ్లేయ వృద్ధుల కోరస్, మన పిల్లల కూచిపూడి తరగతి, వీటన్నిటినీ రానివ్వండి. గంటకింత అని అందరికీ ఒకే రేటు పెట్టండి. మనవాళ్ళకొక రేటు, బయటివాళ్ళకొక రేటు అన్న పద్ధతి మొదలైతే ఆ కేంద్రం ఎవరిదో ఊరికి అర్థమైపోతుంది.

వేడుకల గిరాకీ ఇక్కడే ముంచుకొస్తుంది. ఒక్క శనివారం పుట్టినరోజు వేడుకకు వచ్చే అద్దె, వారం రోజుల తరగతుల అద్దెకు సమానంగా ఉంటుంది. పూర్తిగా కాదనమని నేను చెప్పను, ఎందుకంటే వేడుకలు కూడా సంస్కృతిలో భాగమే, ఆ కుటుంబాలే రేపు ప్రేక్షకులుగా వస్తాయి. కానీ క్యాలెండరులో మొదట రాయవలసినవి రిహార్సలు రోజులు. ప్రదర్శనకు ముందు రెండు వారాలు సెట్టు వేదిక మీద నుంచి కదలకూడదు. ఈ మాట నియమావళిలోనే రాసిపెట్టండి. మాటవరసకు అనుకున్న నియమం మొదటి పెద్ద దాత కూతురి వేడుక నాడే చెల్లకుండా పోతుంది. సన్మానాల విషయం కూడా అంతే. మన సభల్లో శాలువాలు కప్పడం, ప్రసంగాలు, జ్ఞాపికలు ఇవ్వడం మర్యాదగా భావిస్తాం. వాటి విలువ నాకు తెలుసు. కానీ ఏడు గంటలకని చెప్పిన నాటకం ఎనిమిదిన్నరకు మొదలైతే, తెలుగు రాని ప్రేక్షకుడు మళ్ళీ రాడు, మన పిల్లలు నిద్రపోతారు, నటుల ఉత్సాహం చల్లబడుతుంది. సన్మానాలకు వేరే సాయంత్రం కేటాయించండి.

అందరి కోసమా, తెలుగువాళ్ళ కోసమా అన్న ప్రశ్నకు న్యూయార్క్‌లో మిరియం కొలోన్ చూపిన దారి నాకు అన్నిటికంటే నచ్చుతుంది. ప్యూర్టో రికోలో పుట్టిన ఆ నటి 1967లో ప్యూర్టో రికన్ ట్రావెలింగ్ థియేటర్ స్థాపించారు. మొదట వేసవిలో వీధుల్లో, పేదల పేటల్లో ఉచితంగా ఆడారు. 1970లలో మాన్‌హట్టన్ 47వ వీధిలోని ఒక పాత అగ్నిమాపక కేంద్రాన్ని నాటకశాలగా మార్చుకున్నారు. అక్కడ ఒకే నాటకాన్ని, రెండు భాషలూ వచ్చిన నటులతో, కొన్ని రాత్రులు స్పానిష్‌లో, కొన్ని రాత్రులు ఇంగ్లీషులో ఆడేవారు. భాష వదులుకోలేదు, తలుపూ మూయలేదు. మన ఇంటి పక్కనే మరో మంచి నమూనా ఉంది. తూర్పు లండన్‌లోని టవర్ హామ్లెట్స్‌లో ప్రతి నవంబరులో జరిగే బంగ్లా నాటకోత్సవం. 2003 నుంచి జరుగుతున్న ఆ ఉత్సవంలో బెంగాలీ నాటకాలూ, బ్రిటిష్ బంగ్లాదేశీలు ఇంగ్లీషులో రాసిన నాటకాలూ ఒకే క్యాలెండరులో కనిపిస్తాయి.

మీరు వెంటనే రెండు భాషల్లో ఆడలేకపోతే తెర మీద అనువాదం వేయండి. దీనికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, ఒక ప్రొజెక్టరు, ఒక లాప్‌టాప్, వాటిని నడిపే ఒక మనిషి చాలు. ఆ మనిషి మొదటి వారం నుంచి రిహార్సళ్ళకు రావాలి. సంభాషణల్లో వచ్చే చిక్కు తక్కువ. పద్యం దగ్గరే జాగ్రత్త కావాలి. నటుడు ఒక పాదం మీద రాగం సాగదీస్తున్నంతసేపూ అదే వాక్యం తెర మీద వేలాడుతుంటే, తెలుగు రాని ప్రేక్షకుడు దాన్నే మళ్ళీ మళ్ళీ చదువుతూ పాటను వినడం మానేస్తాడు. పద్యం భావం మొత్తాన్ని రెండు చిన్న వాక్యాల్లో ముందే చూపి, ఆలాపన మొదలవగానే తెరను ఖాళీ చేయాలి. ఇంకో సంగతి, మన పెద్దవాళ్ళు హాలులో ఉంటే వన్స్‌మోర్ కొడతారు. నటుడు పద్యం మళ్ళీ ఎత్తుకుంటాడు. అనువాదం నడిపే మనిషి వెనక్కి వెళ్ళడానికి సిద్ధంగా ఉండాలి. ఒక ప్రదర్శనలో ఇది జరిగినప్పుడు, పద్యం రెండోసారి మొదలవుతుంటే ఇంగ్లీషు ప్రేక్షకులు కూడా చప్పట్లు కొట్టారు, ఎందుకు కొడుతున్నారో అప్పటికి వాళ్ళకు అర్థమైంది కాబట్టి.

పిల్లల తరం గురించి బెర్లిన్ అనుభవం చూడండి. 1961లో జర్మనీకీ టర్కీకీ మధ్య కుదిరిన కార్మిక ఒప్పందంతో వెళ్ళినవాళ్ళ తరం, 1984లో అక్కడ తియాత్రోమ్ అనే టర్కిష్ నాటకశాల పెట్టుకుంది. ఆ తర్వాత తరం 2008లో బెర్లిన్ క్రాయ్జ్‌బెర్గ్ పేటలోని బాల్‌హౌస్ నౌనిన్‌స్ట్రాసె అనే నాటకశాలలో షెర్మిన్ లాంగ్‌హోఫ్ నాయకత్వంలో జర్మన్‌లోనే తమ కథలు చెప్పింది. వంద సీట్లు కూడా లేని చోటు అది. 2010లో ఆ సంస్థ నిర్మాణంలో వచ్చిన ఒక నాటకం మరుసటి ఏడాది బెర్లిన్‌లోని ప్రతిష్ఠాత్మకమైన థియేటర్‌ట్రెఫెన్ నాటకోత్సవానికి ఎంపికైంది. 2013లో లాంగ్‌హోఫ్ అదే నగరంలోని మాక్సిమ్ గోర్కి థియేటరుకు సారథి అయ్యారు. తమ తరాన్ని ఇంకా వలసవాళ్ళుగానే చూడటాన్ని ప్రశ్నించడమే బాల్‌హౌస్ పెట్టుకున్న పని. మీ హాలులో పదహారేళ్ళ అమ్మాయి ఇంగ్లీషులో నాటకం రాసి తెస్తే, అందులో మన ఇళ్ళలోని వివక్ష, కులం, పెళ్ళి ఒత్తిడి గురించి ఉంటే, దాన్ని వేదిక ఎక్కించగలరా? నా అభిప్రాయంలో మీ కేంద్రం పదిహేనేళ్ళ తర్వాత ఉంటుందా లేదా అన్నది ఈ ఒక్క ప్రశ్నకు మీరిచ్చే జవాబు మీద ఆధారపడి ఉంది. తెలుగులో ఆడితేనే సంస్కృతి అనుకుంటే, మన పిల్లలు హాలుకు వేషాలు వేయించుకోవడానికి మాత్రమే వస్తారు, ఆ వయసు దాటగానే వెళ్ళిపోతారు.

ఇది పాలన దగ్గరికి తీసుకొస్తుంది. మన సంఘాలు ఎలా చీలుతాయో మీకు తెలియనిది కాదు. ప్రాంతం, కులం, అక్కడి రాజకీయాలు, ఏదో ఒక ఎన్నిక, ఏదో ఒక వేదిక మీద ఎవరి పేరో ముందు చదవడం. నాటకశాలను ఏ తెలుగు సంఘానికీ అనుబంధంగా పెట్టకండి. వేరే చారిటీగా, వేరే ఖాతాతో, కనీసం సగం మంది తెలుగేతర ట్రస్టీలతో పెట్టండి. ఏ నాటకం ఆడాలన్నది ట్రస్టీలు ఓటుతో తేల్చే విషయం కాకూడదు. ఒక కళా దర్శకుణ్ణో దర్శకురాలినో మూడేళ్ళకు నియమించి ఆ నిర్ణయం వాళ్ళకు వదిలేయండి. విరాళం ఇచ్చినవాళ్ళకు ముందు వరుసలో కుర్చీ ఇవ్వండి, గోడ మీద పేరు రాయండి, పాత్ర మాత్రం ఇవ్వకండి.

హాలు లోపలి ఏర్పాటు గురించి కొద్దిగా. చర్చి హాళ్ళలో నేల చదునుగా ఉంటుంది. మన నాటికల్లో పాత్రలు తరచూ నేల మీద కూర్చుంటాయి, అరుగు మీదో, పీట మీదో. చదును నేల మీద మూడో వరుస తర్వాత వాళ్ళెవరూ కనబడరు. మెట్ల సీట్లకు డబ్బు లేకపోతే మొదటి రెండు వరుసలు చాపలు పరచండి, వెనక కుర్చీలు, ఆ వెనక అడుగు ఎత్తున చెక్క వేదికలు వేసి వాటి మీద కుర్చీలు. చాపల మీద పిల్లలు కూర్చుంటారు, నటులకు అంత దగ్గరగా పిల్లల ముఖాలు కనబడటం నటనకు కూడా మంచిది. కరెంటు చాలదేమో అని దిగులు పడకండి. ఇక్కడి మామూలు సాకెట్టు మీద సుమారు 3,000 వాట్లు లాగవచ్చు, పాత రకం వెయ్యి వాట్ల దీపాలు మూడింటితోనే అది అయిపోయేది. ఇప్పటి ఎల్‌ఈడీ దీపాలతో చిన్న వేదికంతా వెలిగించవచ్చు. ఎత్తయిన కప్పు వల్ల మాట ప్రతిధ్వనిస్తుంది. మైకులు పెంచితే అది ఇంకా చెడుతుంది. పక్క గోడలకు మందపాటి తెరలు వేలాడదీసి, మైకు లేకుండా మాట్లాడటం నటులకు నేర్పండి.

మొదటి ఏడాది ఏం ఆడాలన్నది మీరు ప్రత్యేకంగా అడిగారు. సురభి నాటకాల్లాంటి భారీ ప్రదర్శనలు మీ మనసులో ఉన్నట్టున్నాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబ సమాజాల వెనక తరతరాల శిక్షణ, తెరలు, యంత్రాలు, ఇంటిల్లిపాది శ్రమ ఉన్నాయి. ఎనభై కుర్చీల హాలుకు సరిపోయేది పరిషత్తు నాటిక. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టినప్పటి నుంచీ మన పోటీల సంప్రదాయం రచయితలకు ఒక క్రమశిక్షణ నేర్పింది. నాటికలకు తక్కువ పాత్రలు, ఒకే సెట్టు, గంట లోపు నిడివి. ఇవి చిన్న వేదిక కోసమే పుట్టినట్టుంటాయి. రచయిత అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, రాయల్టీ ఎంత చిన్నదైనా పంపండి. ఒక సాయంత్రం తెలుగు నాటిక ఒకటి, అదే సాయంత్రం మీ పట్టణంలోని మరో వలస సమాజం నాటిక ఒకటి కలిపి వేయండి. వాళ్ళ ప్రేక్షకులు మీ నాటిక చూస్తారు, మీవాళ్ళు వాళ్ళది చూస్తారు. విరామంలో రెండు వంటిళ్ళ తినుబండారాలు పెట్టండి.

ఇవన్నీ చదివాక కూడా చేయాలనే ఉంటే, లీజు మీద వెంటనే సంతకం పెట్టకండి. ఆరు నెలలపాటు వారానికి రెండు సాయంత్రాలు, ఒక మధ్యాహ్నం గంటల లెక్కన అద్దెకు ఇమ్మని హాలు యజమానులను అడగండి. ఖాళీగా ఉన్న హాలు కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు. ఆ ఆరు నెలల్లో రిహార్సళ్ళకు క్రమం తప్పకుండా ఎవరెవరు వస్తున్నారో, తాళంచెవి బాధ్యత ఎవరు తీసుకుంటున్నారో, కప్పులు ఎవరు కడుగుతున్నారో రాసిపెట్టుకోండి. ట్రస్టీలుగా ఎవరిని అడగాలన్నది ఆ జాబితా చూస్తే తెలుస్తుంది. ఆ ఆరు నెలల్లో డిసెంబరు, జనవరి తప్పకుండా ఉండేలా చూసుకోండి. హీటింగ్ బిల్లు ఎంత వస్తుందో, కప్పు ఎక్కడ కారుతుందో, చీకటి పడ్డాక వానలో మీ పెద్దవాళ్ళు బస్సు దిగి ఆ హాలు దాకా నడిచి రాగలరో లేదో అప్పుడు తేలిపోతుంది.